కడబంతిలో కూర్చున్నదెవరు?



గృహ సందర్శనలకు వెళ్ళినప్పుడు తల్లులు నాతో తరచుగా చెప్పుకునే బాధ ఒకటుంది. మొన్నీ మధ్య ఒక యింట్లో కూడా అదే మాట విన్నాను. "ఫాదర్‌గారూ, పిల్లలు సాయంకాలం జపానికి కూర్చోవడం లేదండీ. జపమాల చేతిలోకి తీస్తే చాలు, ఒకడికి చదువు గుర్తొస్తుంది, ఇంకొకడికి నిద్ర ముంచుకొస్తుంది. మీరైనా నాలుగు మాటలు చెప్పండి" అన్నది ఆ తల్లి. పిల్లలను మందలించకుండా నేను ఆమెనే ఒక ప్రశ్న అడిగాను. "అమ్మా, మీ యింట్లో అందరూ కలిసి అన్నం తినేది ఎప్పుడు?" ఆమె కాసేపు ఆలోచించి నవ్వేసింది. "కలిసి ఎక్కడండీ! ఆయన వచ్చేసరికి రాత్రి తొమ్మిదవుతుంది. పెద్దవాడు కంచం పట్టుకుని టీవీ ముందు కూర్చుంటాడు. చిన్నవాడు సెల్‌ఫోను చూస్తూ తింటాడు. అందరూ తిన్నాక మిగిలింది నేను తింటాను."

జపం పోయిందని ఆ తల్లి దిగులు. కాని ఆ యింట్లో జపం కంటే ముందు పోయింది పంక్తి. కలిసి కూర్చుని తినడం మానేసిన కుటుంబం కలిసి మోకరించడం కష్టం. కనుక ఈ వారం మన పాఠం వంటింటిని గూర్చి, జపాన్ని గూర్చి, మన గుమ్మంలోకి వచ్చే మనిషిని గూర్చి. ఈ మూడూ ఒకే తాడుకు కట్టిన ముడులు. చివరకు ఈ పాఠం కొంచెం యిబ్బందికరమైన చోటికి దారితీస్తుంది. ముందే చెబుతున్నాను, నా మీద కోపగించుకోకండి.

మన తెలుగు భాషలో ఒక చక్కని సంగతి ఉంది. దేవుని యెడల మనకుండే దానిని విశ్వాసం అంటాం. ఒకరి ఉప్పు తిన్నవాడికి వారి యెడల ఉండవలసిన దానిని కూడా విశ్వాసమే అంటాం. రెంటికీ ఒకటే మాట. గురువిద్యాలయంలో తత్త్వశాస్త్రం చదివే రోజుల్లో, అరిస్టాటిల్ తన నీతిశాస్త్రంలో స్నేహాన్ని గూర్చి రాసిన భాగం మాకు పాఠంగా ఉండేది. కలిసి ఉప్పు తిననిదే మనుషులు ఒకరినొకరు ఎరుగలేరనే పాత సామెతను ఆయన అక్కడ ప్రస్తావిస్తాడు. గ్రీసు దేశపు తత్త్వవేత్తకూ, అక్షరం ముక్క రాని మా అమ్మమ్మకూ ఒకే మాట తెలిసినందుకు ఆ రోజు నాకెంతో సంతోషం కలిగింది. పరీక్షలో ఆ ప్రశ్న రాలేదనుకోండి, అది వేరే సంగతి.

ఇక దివ్యగ్రంథం తెరుద్దాం. ఉత్థాన ఆదివారం సాయంకాలం ఎమ్మావు దారిలో ఇద్దరు శిష్యులు నడిచిపోతున్నారు (లూకా 24:13-35). ప్రభువు వారితో కలిసి నడుస్తూ మోషే మొదలుకొని ప్రవక్తలందరి మాటలను విడమరచి చెప్పారు. అంతకంటే గొప్ప ప్రసంగం ఈ లోకంలో ఎవరూ విని ఉండరు. అయినా వారు ఆయనను గుర్తుపట్టలేదు. ఊరు దగ్గర పడింది. ప్రభువు ఇంకా ముందుకు పోతున్నట్లు కనిపించారు. అప్పుడు ఆ ఇద్దరూ ఏం చేశారు? పొద్దు వాలిందని చెప్పి, తమతో ఉండమని బలవంతపెట్టారు. ఆయన లోపలికి వచ్చి, బల్ల దగ్గర కూర్చుని, రొట్టె విరిచినప్పుడే వారి కన్నులు తెరువబడ్డాయి. ఆ సాయంకాలం వారు ఆ అపరిచితుణ్ణి ఆపి ఉండకపోతే ఏమయ్యేదో ఆలోచించండి. ఎవరో తెలియని బాటసారికి పెట్టిన పిలుపులోనే వారికి ప్రభు దర్శనం దొరికింది. నాబోటి ప్రసంగీకులకు ఇందులో కొంచెం వినయం నేర్పే పాఠం కూడా ఉంది.

తొలి క్రైస్తవులకు దేవాలయాలు లేవు. వారు ఇళ్ళలోనే కూడుకున్నారు, ఇళ్ళలోనే రొట్టె విరిచారు (అపోస్తలుల కార్యములు 2:46). ఫిలిప్పీ పట్టణంలో ఊదారంగు వస్త్రాలు అమ్ముకునే లిదియమ్మ జ్ఞానస్నానం పొందిన వెంటనే చేసిన మొదటి పని పౌలును, ఆయన తోటివారిని తన యింటికి రమ్మని బలవంతపెట్టడం. ప్రిస్కిల్ల, అక్విల దంపతుల యింట్లో సంఘం కూడుకొనేది. రెండవ వాటికన్ మహాసభ 1964లో వెలువరించిన శ్రీసభను గూర్చిన ప్రకటనలో కుటుంబాన్ని గృహ శ్రీసభ అని పిలిచింది. దీనిని మనం ఏదో పొగడ్తగా తీసుకుంటాం. నిజానికి అది చరిత్ర. ముందు ఇల్లు గుడి అయింది, ఆ తరువాతనే గుడి కట్టబడింది.

ఇంతవరకు అందరికీ బాగానే ఉంటుంది. ఇప్పుడు యొప్పా పట్టణానికి వెళదాం. అక్కడ పేతురుగారు ఎవరి యింట్లో బస చేశారో గమనించారా? సీమోను అనే చర్మకారుని యింట్లో (అపోస్తలుల కార్యములు 9:43). చచ్చిన పశువుల తోళ్ళు శుభ్రం చేసే వృత్తి అది. ఆనాటి యూదులు ఆ పనిని హీనంగా చూసేవారు. ఆ వాసనను, ఆ మనుషులను ఊరికి దూరంగా ఉంచేవారు. మన ఊళ్ళలో తోలుపని చేసినవారిని ఎక్కడ ఉంచారో నేను చెప్పనక్కర లేదు. అటువంటి యింట్లో, మధ్యాహ్నం వేళ, కింద వంట జరుగుతుండగా, ఆకలిగా ఉన్న పేతురుగారు మిద్దెమీద జపం చేసుకుంటున్నప్పుడు ఆయనకు దర్శనం కలిగింది. ఆకాశం నుండి దుప్పటి వంటిది దిగింది. అందులో సకల జంతువులు ఉన్నాయి. దేవుడు పవిత్రం చేసిన దానిని అపవిత్రమని అనవద్దని స్వరం వినిపించింది. ముమ్మారు వినిపించింది. ఒక్కసారి చెబితే పేతురుగారికి ఎక్కలేదు మరి!

ఆ తరువాత ఏం జరిగింది? కొర్నేలి అనే రోమా శతాధిపతి పంపిన మనుషులు గుమ్మంలో నిలబడి ఉన్నారు. వారు అన్యులు. పేతురుగారు వారిని లోపలికి పిలిచి ఆతిథ్యమిచ్చారు. మరునాడు కయసరయకు బయలుదేరి వెళ్ళారు. కొర్నేలి యింటివారికి జ్ఞానస్నానం ఇచ్చారు, కొన్నాళ్ళు వారితోనే ఉన్నారు. యెరూషలేముకు తిరిగి వచ్చాక అక్కడివారు ఆయనను నిలదీశారు. దేనికోసం? అన్యులకు జ్ఞానస్నానం ఎందుకిచ్చావని కాదు. వారి యింటికి వెళ్ళి వారితో కలిసి ఎందుకు తిన్నావని (11:3)! ప్రియ పాఠకులారా, ఈ వచనం చదివిన ప్రతిసారీ నాకు మన ఊళ్ళే గుర్తుకొస్తాయి. గుడిలో పక్కపక్కన నిలబడితే ఎవరికీ అభ్యంతరం లేదు. ఒకే పాత్రలోని దివ్యసత్ప్రసాదం అందరి నాలుకల మీదకు వస్తుంది, దానికీ అభ్యంతరం లేదు. గొడవంతా అన్నం దగ్గరే.

అంత దర్శనం చూసిన పేతురుగారు కూడా తరువాత అంతియోకులో జారిపోయారు. అన్యులతో కలిసి తింటూ తింటూ, యెరూషలేము నుండి తమవారు కొందరు రాగానే మెల్లగా పక్కకు తప్పుకున్నారు. పౌలుగారు అందరి ముందు ఆయనను ముఖాముఖి గద్దించారు (గలతీయులకు 2:11-14). మొదటి పోపుగారికే ఆ భయం కలిగింది. మనవాళ్ళు ఏమనుకుంటారో అన్న భయం. దానికి మందు ఈనాటికీ దొరకలేదు.

కొరింతు సంఘంలో జరిగింది ఇంకా మన బంతి భోజనాల వంటిదే. ప్రభువు విందుకు అందరూ ఒకచోట చేరేవారు. తీరిక ఉన్నవారు, కలిగినవారు ముందుగా వచ్చి తెచ్చుకున్నది తిని, తాగి తృప్తిపడేవారు. లేనివారికి ఆకలే మిగిలేది. ఆలస్యంగా వచ్చినవారు పొద్దుగూకేదాకా యజమాని పని చేసే బానిసలు, కూలివారు అయి ఉంటారని పండితులు అంటారు. పౌలుగారు దీనిని మర్యాదలో చిన్న లోపంగా చూడలేదు. ఇది అసలు ప్రభువు భోజనమే కాదన్నారు. లేనివారిని సిగ్గుపరచడమంటే దేవుని సంఘాన్ని తృణీకరించడమే అన్నారు. ఆయన చెప్పిన పరిష్కారం చాలా చిన్నది, ఏ గృహిణికైనా తెలిసినదే. ఒకరికోసం ఒకరు ఆగండి (1 కొరింతీయులకు 11:20-34).

ఈ వ్యవహారం మన దేశపు శ్రీసభలో కూడా కొత్త కాదు. 1606లో మదురై చేరిన రాబర్టు డి నోబిలి అనే యేసుసభ గురువు సన్యాసి వేషం ధరించి, బ్రాహ్మణుని చేత వండించుకుని, రోజుకు ఒక్కపూట శాకాహారం తిని జీవించారు. సంస్కృతం, తమిళంతో పాటు మన తెలుగు కూడా నేర్చుకున్నారు. ఆత్మల కోసం ఆయన వదులుకున్నది తక్కువేమీ కాదు. 18వ శతాబ్దపు తొలినాళ్ళలో తెలుగునాట ప్రవేశించిన ఫ్రెంచి యేసుసభ గురువులు కూడా ఆ దారినే నడిచారు. కాని ఆ దారికి ఒక ధర చెల్లించవలసి వచ్చింది. పై కులాల ఇళ్ళకు వెళ్ళే గురువు అంటరానివారన్న వారి గుడిసెలోకి అడుగు పెట్టలేకపోయాడు, చావుబతుకుల్లో ఉన్నవారు పిలిచినా సరే. పోపుగారి ప్రతినిధిగా పుదుచ్చేరికి వచ్చిన తుర్నోన్‌గారు 1704లో, రోగులైన ఆ పేదలకు వారి ఇళ్ళలోనే దివ్య సంస్కారాలు ఇవ్వాలని, నిరాకరించరాదని శాసించారు. దానిమీద నలభై ఏళ్ళు వాదోపవాదాలు జరిగాయి. చివరకు 1744లో పదునాలుగవ బెనెడిక్టు పోపుగారు ఆ మాటనే ఖాయం చేశారు. ఒక గురువు ఒక పేదవాని గుమ్మం దాటడానికి రోమునగరం నుండి ఆజ్ఞ రావలసి వచ్చింది!

అది పాత కథ అని మీరు అనవచ్చు. నా కథ ఒకటి చెబుతాను. గురుపట్టం పొందిన కొత్తలో, సుమారు పాతికేళ్ళ క్రితం, ఒక పెద్ద విచారణలో సహాయ గురువుగా ఉన్నాను. పల్లెలకు వెళ్ళినప్పుడల్లా ఉపదేశిగారు నా వెంట వచ్చేవారు. వయసులో నా తండ్రి అంతటివారు. ఒక ఊళ్ళో కలిగిన క్రైస్తవ కుటుంబం మమ్మల్ని భోజనానికి పిలిచింది. నాకు లోపల బల్లమీద వడ్డించారు. ఉపదేశిగారికి బయట వసారాలో విస్తరి వేశారు. కూర రెండుసార్లు మారు వడ్డించారు, అందులో లోటు చేయలేదు. నేను చూశాను. లేచి వెళ్ళి వసారాలో ఆయన పక్కన కూర్చోవాలని నాకు తోచింది. కూర్చోలేదు. ఆ కుటుంబమే ఆ ఊరి గుడి పైకప్పుకు డబ్బు ఇస్తానన్నది. నేను తల వంచుకుని తిన్నాను. సైకిళ్ళ మీద తిరిగి వస్తుంటే ఉపదేశిగారు, "వంకాయ కూర బాగా కుదిరింది కదండీ ఫాదర్" అన్నారు. అంతే. దారిపొడుగునా ఇంకే మాటా అనలేదు.

దానికంటే నన్ను ఎక్కువగా బాధించింది మరొకటి. ఆ రాత్రి లెక్క చూసుకుంటే, ఆ విచారణకు వచ్చి ఏడు నెలలైనా నేను ఉపదేశిగారి యింట్లో ఒక్కపూట అన్నం తినలేదు. ఎవరూ వద్దనలేదు. వారు పిలవడానికి జంకారు, నేను అడగడానికి మరిచాను. వసారాలో విస్తరి వేసినవారికీ నాకూ తేడా ఏమిటి? మరుసటి వారం నేనే అడిగి వెళ్ళాను. ఎండురొయ్యలు వేసి గోంగూర వండారు. తినేముందు ఆ అమ్మ చేసిన జపం చాలా పెద్దది, అన్నం చల్లారిపోయింది కూడా. వాన కోసం ప్రార్థించింది, నా ఆరోగ్యం కోసం ప్రార్థించింది. ఆ తరువాత, తన భర్తను వసారాలో కూర్చోబెట్టిన ఆ యింటివారి పేర్లు పిల్లలతో సహా వరసగా చెప్పి, వారి పెద్దమ్మాయికి సుఖప్రసవం కలగాలని ప్రార్థించింది. గురువిద్యాలయంలో నాకు జపాన్ని గూర్చి ఎన్నో పాఠాలు చెప్పారు. ఇంతటి పాఠం ఏదీ నాకు గుర్తులేదు.

2016 డిసెంబరులో మన దేశపు కతోలిక మేత్రాణుల సమాఖ్య దళితుల సాధికారత కోసం విధానపత్రం వెలువరించింది. కుల వివక్షను ఘోరమైన సాంఘిక పాపంగా అందులో పేర్కొన్నారు. 2022 ఆగస్టులో హైదరాబాదు అగ్రపీఠాధిపతులు పూల అంతోని గారు కార్డినల్ అయ్యారు. ఆ స్థానం పొందిన మొదటి తెలుగువారు, మొదటి దళితులు ఆయనే. మనమందరం గర్వపడ్డాం. గర్వపడవలసిందే. కాని పత్రాలు, పదవులు మన వంటింటి గుమ్మం దాటి లోపలికి రాలేవు. అక్కడ తలుపు తీయవలసింది మీరే.

ఎలా తీయాలి? నాకు తెలిసిన నాలుగు మాటలు చెబుతాను.

రోజుకు ఒక్కపూటైనా అందరూ కలిసి తినండి. రాత్రి తొమ్మిదైనా సరే, ఆగండి. పౌలుగారు చెప్పింది అదే కదా. చిన్నపిల్లలకు ముందుగా కొంచెం పెట్టి, మళ్ళీ అందరితో కూర్చోబెట్టండి. టీవీ కట్టేయండి, ఫోన్లు వేరే గదిలో పెట్టండి. భోజనానికి ముందు జపం చిన్నదిగా ఉండాలి, పిల్లలతో చెప్పించాలి. ఆ రోజు ఎవరి చేతి కష్టం వల్ల ఆ అన్నం వచ్చిందో ఒక్క పేరు చెప్పమనండి. నాట్లు వేసిన ఆడకూలీలు కావచ్చు, పాలు పోసే అబ్బాయి కావచ్చు. తిన్న తరువాత అక్కడే కూర్చుని జపమాలలో ఒక్క పదిపూసల భాగం చెప్పండి. మొదట్లో అంత చాలు. మొత్తం జపమాల కోసం పట్టుబట్టి ఏమీ లేకుండా పోగొట్టుకోవద్దు.

అతిథుల విషయంలో మనకు ఒక రోగం పట్టుకుంది. భోజనానికి పిలవడమంటే బిర్యానీ, షామియానా, కాటరింగు అయిపోయింది. జ్ఞానస్నానానికి అప్పు, కొత్త సత్ప్రసాదానికి అప్పు. ఒకరు పది రకాలు పెడితే, పప్పు మాత్రమే పెట్టగలిగినవారు పిలవడమే మానేస్తున్నారు. ఇది ఆతిథ్యం కాదు, పోటీ. ముద్దపప్పు, ఆవకాయ, చారు, మజ్జిగ ఉంటే అది సంపూర్ణమైన భోజనం. మీరు వండుకున్న దానిలోనే ఇంకొక కంచం పెట్టండి. 1979లో నోబెల్ శాంతి బహుమతి అందుకున్నప్పుడు మదర్ తెరెసాగారు ఒక సంగతి చెప్పారు. ఎనిమిదిమంది పిల్లలున్న ఒక హిందూ కుటుంబం పస్తులున్నదని తెలిసి ఆమె బియ్యం తీసుకుని వెళ్ళారు. ఆ తల్లి బియ్యాన్ని రెండు భాగాలు చేసి, ఒక భాగంతో బయటికి వెళ్ళి వచ్చింది. ఎక్కడికి వెళ్ళావమ్మా అంటే, పక్కింటివారు కూడా ఆకలితో ఉన్నారని చెప్పింది. వారు ముస్లిములు. పిల్లలు ఆకలితో అలమటిస్తున్నా ఆ తల్లికి పక్కింటి ఆకలి తెలుసు. మదర్ తెరెసాగారిని ఆశ్చర్యపరచింది ఆమె ఇవ్వడం కంటే ఆమెకు తెలిసి ఉండడం. మన పక్కింట్లో ఈ రోజు పొయ్యి వెలిగిందా లేదా మనకు తెలుసా?

మన చిన్న క్రైస్తవ సమాజాల కూటాలు నెలకొక యింట్లో జరుగుతాయి. ఒక నోటుపుస్తకంలో గడచిన పన్నెండు నెలలు ఎవరెవరి ఇళ్ళలో జరిగాయో రాసి చూడండి. ఎవరి ఇల్లు ఆ జాబితాలో లేదు? వారికి ఇల్లు చిన్నదని అంటారు, కుర్చీలు లేవని అంటారు. చాపలు తీసుకుపోదాం. మరొక సంగతి కూడా చూడండి. కూటం జరిగిన తరువాత ఆ యింటివారు ఇచ్చిన టీ అందరూ తాగారా, లేక కొందరికి ఆ రోజే అకస్మాత్తుగా షుగరు వ్యాధి గుర్తుకొచ్చిందా?

ఇక చివరి మాట తల్లులను గూర్చి. ఊరి బంతిలో కడబంతి ఎవరిదో మాట్లాడుకున్నాం. ఇంటి కడబంతి ఎవరిది? మొదట్లో చెప్పిన ఆ తల్లిది. అందరూ తిన్నాక మిగిలింది తినే మనిషిది. మార్తమ్మ వంటింట్లో సతమతమై ప్రభువుతో మొరపెట్టుకున్నప్పుడు (లూకా 10:38-42) మనం ఆమెను తప్పుపడతాం. అయితే ఆ మొరలో ఉన్న న్యాయాన్ని కూడా వినాలి. తనకు ఎవరూ సాయం చేయడం లేదన్నదే ఆమె బాధ. తిబెరియా సరస్సు ఒడ్డున ఉత్థాన ప్రభువు ఏం చేశారో చూడండి. రాత్రంతా వలలు వేసి అలసిపోయి వచ్చిన శిష్యుల కోసం నిప్పులు రాజేసి, చేపలు కాల్చి, రొట్టె సిద్ధం చేసి, రండి తినండి అని పిలిచారు (యోహాను 21:9-13). మరణాన్ని జయించిన చేతులతో పొయ్యి రాజేశారు. అన్నం వడ్డించడం మగతనానికి తక్కువని అనుకునే సోదరులు ఈ అధ్యాయాన్ని ఇంట్లో అందరూ వినేలా గట్టిగా చదవాలని నా మనవి.

మన సామెత ఒకటుంది కదా, వడ్డించేవాడు మనవాడైతే కడబంతిలో కూర్చున్నా ఫరవాలేదని. ఈ సంవత్సరం మా విచారణ పండుగకు దానిని తిరగేసి చూద్దామని విచారణ సభ్యులతో అన్నాను. ఎవరికీ ప్రత్యేకమైన బల్ల వేయలేదు. వచ్చిన వరసలో వచ్చినట్లు కూర్చోబెట్టాం. ఊరి పెద్దలు, సంఘ పెద్దలు, నేను వడ్డనకు నిలబడ్డాం. ఇద్దరు ముగ్గురు పెద్దలు పనివుందని ముందే వెళ్ళిపోయారు, వారి పేర్లు నేను చెప్పను. మిగిలినవారు నడుముకు తువ్వాలు చుట్టుకుని నాలుగు బంతులు వడ్డించారు. వండినవారిని మూడో బంతిలోనే కూర్చోబెట్టాం. ఒక ముసలమ్మ తనకు చారు పోస్తున్నది ఎవరో తలెత్తి చూసి, వద్దు బాబూ వద్దు అని లేవబోయింది. ఆ పెద్దమనిషి ఆమె భుజం మీద చెయ్యివేసి కూర్చోబెట్టాడు. చివరి బంతికి మేం కూర్చునేసరికి వేపుడు అయిపోయింది, పప్పు అడుగంటింది. ఉపదేశిగారి మనవడు ఎక్కడినుంచో ఒక ఆవకాయ జాడీ పట్టుకొచ్చాడు. అది వేసుకుని మజ్జిగతో తిన్నాం.